ఎదురెండలో సరంగమ్మ

"ఏవండీ! ఎవరండీ మీరు? నా ఫ్రేములో ఆ చెయ్యేంటి?"

లాంచీ ముందు భాగంలో మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాకి కన్ను ఆనించిన అమ్మాయి గట్టిగా అరిచింది. ఆమె లెన్సు పైన నల్లటి అట్ట ఫైలొకటి గొడుగులా వాలింది.

"చెయ్యి కాదండీ, ఫైలు," అన్నాడతను తాపీగా.

"ఏదైతేనేం, తియ్యండి!"

"తీస్తాను. ముందు ఒక్కసారి చూడండి, ఆ ఆకుపచ్చ మచ్చలు ఉన్నాయా?"

ఆమె చూసింది. రెండు రోజులుగా ఫోటోల మీద పడి ప్రాణం తోడేస్తున్న మచ్చలు సగానికి సగం తగ్గాయి. కాకపోతే ఫైలు మూల ఇంటి చూరులా ఫోటోలోకి దిగింది.

"మచ్చలు పోయి అట్ట వచ్చింది. చాలా సంతోషం!" అని ముఖం తిప్పుకుంది.

స్టీరింగు దగ్గర నిలబడ్డ ఆవిడ పకపకా నవ్వింది. ఆవిణ్ణి అందరూ సరంగమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా నది మీద ఆ లాంచీ నడుపుతోంది. శనివారంతో రిటైరవుతోంది.

ఈ గొడవంతా ఆవిడ కోరికతోనే మొదలైంది. పోయిన ఆదివారం ఆవిడ ఫోటో స్టూడియోకి వచ్చి, "రోజూ మొదటి ట్రిప్పులో సూర్యుడు లేచి నా వీపు తడతాడు. ఇన్నేళ్లలో ఇద్దరం కలిసి ఒక్క ఫోటో దిగలేదు. తీస్తారా?" అని అడిగింది.

స్టూడియో యజమాని తల అడ్డంగా ఊపాడు. "ఎదురెండలో కుదరదమ్మా. సూర్యుడెప్పుడూ ఫోటో తీసేవాడి వెనక ఉండాలి. లేకపోతే ముఖం మసిబొగ్గులా వస్తుంది, మీద మచ్చలు పడతాయి. సాయంత్రం రండి, సూర్యుడి బొమ్మ ఉన్న తెర కడతాను."

"బొమ్మ సూర్యుడెందుకు నాకు?" అని ఆవిడ లేచి వెళ్లబోయింది.

"నేను తీస్తాను," అంది కౌంటరు వెనక నుంచి ఆయన కూతురు.

"నువ్వు పాస్‌పోర్టు ఫోటోలు చూసుకో."

"శనివారం లోపు తీస్తాను నాన్నా. తీయలేకపోతే జన్మంతా పాస్‌పోర్టు ఫోటోలే తీస్తా, సరేనా?"

ఆయన సరే అన్నాడు. ఓడిపోతుందని ఆయనకి ధీమా.

ఇప్పుడు బుధవారం. ఫైలు చంకలో పెట్టుకుని అతను పక్కనే చతికిలబడ్డాడు. అవతలి ఒడ్డున కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని అతనిది.

"మీ లెన్సు ఇటివ్వండి. ఫర్వాలేదు, పారిపోను, చుట్టూ నీళ్లే."

ఆమె అనుమానంగా ఇచ్చింది. అతను దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. "దీని మీద మీ వేలిముద్రలన్నీ ఉన్నాయి. పోలీసులకి పనికొస్తుంది గానీ ఫోటోకి కాదు. ఎండ సూటిగా పడితే జిడ్డంతా వెలుగుతుంది. పైగా ముందు ఈ అద్దం ఒకటి. ఇదెందుకు?"

"ఫిల్టరు. లెన్సు మీద గీతలు పడకుండా నాన్న పెట్టారు. ఎప్పుడూ తియ్యొద్దన్నారు."

"వెలుగు లోపలికెళ్లి, వెనక్కొచ్చి, ఈ అద్దానికి కొట్టుకుని మళ్లీ లోపలికి పోతోంది. మీ మచ్చల్లో సగం దానివల్లే."

ఆమె ఫిల్టరు పట్టుకుని గిర్రున తిప్పి ఊడదీసి జేబులో వేసుకుంది.

"అబ్బో, భయం లేదా?"

"ఉంది. అయినా తీశాను."

అతను జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి లెన్సు తుడిచాడు. తుడుస్తూ ఆమెనే చూస్తున్నాడు. "గాజు మీ చేతిలో ఉందండీ," అని ఆమె గుర్తు చేసింది.

గురువారం ఇంకొంచెం తెలిసింది. సూర్యుడు ఫ్రేము పక్కన ఉంటే లెన్సు మీద ఫైలు నీడ పడితే చాలు. ఫ్రేములోనే ఉంటే ఎన్ని ఫైళ్లు పట్టినా దండగ.

"అప్పుడు దేని వెనకైనా దాచాలి," అంది ఆమె, తనలో తాను అనుకున్నట్టు.

"ఆ మాట నాకు తట్టలేదు," అని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం అతను స్టూడియోకి వచ్చేసరికి లోపల ఉరుములు, మెరుపులు. కౌంటరు మీద ఫిల్టరు.

"ఎవరినడిగి తీశావు?" అని అరుస్తున్నాడు తండ్రి.

"తప్పు నాదే సార్, నేనే తీయమన్నాను," అంటూ అతను మధ్యలో దూరాడు.

ఆమె గిరుక్కున తిరిగింది. "మిమ్మల్నెవరు మాట్లాడమన్నారు? తీసింది నేను, ఈ చేత్తో. మెచ్చుకోలైనా తిట్లయినా నావే. మీరేం పంచుకోనక్కర్లేదు. వెళ్లండి!"

అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె ఎంత కోపంగా ఉందామన్నా కోపం నిలవలేదు.

శనివారం మొదటి లాంచీలో అతను చిట్టచివరి బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"వెళ్లమన్నారుగా."

"నా బదులు మాట్లాడొద్దన్నా. అట్ట పట్టుకోవద్దన్నానా? లేవండి, సూర్యుడు ఆగడు."

"ఆ అబ్బాయిని తిట్టకే," అంది సరంగమ్మ. "వాళ్ల షాపు తెరిచేది పదింటికి. సోమవారం నిన్ను చూసిన దగ్గర్నుంచీ రోజూ మొదటి లాంచీకే వస్తున్నాడు."

అతను అట్టని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అది ఆవిడ ముఖానికి వెలుగు కొట్టడానికండీ, మీరు దాక్కోడానికి కాదు," అంది ఆమె. గొంతు మాత్రం మునుపటిలా లేదు.

నది మీద సూర్యుడు లేచాడు. ఆమె లాంచీ పలకల మీద దాదాపు పడుకుని అంగుళం అంగుళం జరిగింది. సూర్యుడు సరంగమ్మ చెవి వెనక్కి పూర్తిగా చేరాడు. నెరిసిన జుట్టు చుట్టూ బంగారు అంచు పడింది. అట్ట మీంచి మెత్తటి వెలుగు ముఖం మీద వాలింది.

"కదలకండి!"

"కదలకపోతే లాంచీ ఎవరు నడుపుతారే?" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు మీదే ఆమె కెమెరా నొక్కింది.

మధ్యాహ్నం తండ్రి ఆ ప్రింటుని భూతద్దం పెట్టి మూల మూలా వెతికాడు. మచ్చ లేదు. సరంగమ్మ కళ్ల చుట్టూ ముడతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆయన భూతద్దం దించాడు.

"నేను ముప్పై ఏళ్లు ఒకే దిక్కు చూశాను," అన్నాడు మెల్లగా. "దీన్ని పెద్దది చేసి షోకేసులో పెట్టు. కింద నీ పేరే రాయి."

ఆమె ప్రింటు అందుకుంది. అంతటితో ఆగలేదు. "నాన్నా, ఇంకో మాట..."

సోమవారం లాంచీకి కొత్త డ్రైవరు వచ్చాడు. ఆమె చేతిలో ఈసారి కెమెరా లేదు. అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"నేను మీ నాన్నగారితో మాట్లాడదామనుకుంటున్నాను."

"దేని గురించి?"

"మన గురించి."

"నా బదులు మాట్లాడొద్దని చెప్పానా లేదా? నేనే చెప్పేశాను."

అతను కంగారుగా లేచి, లాంచీ ఊగేసరికి మళ్లీ కూలబడ్డాడు. "ఏమని?"

"నువ్వంటే ఇష్టమని."

"ఆయనేమన్నారు?"

"ఆదివారం నిన్ను ఇంటికి తీసుకురమ్మన్నారు."

అతను ఉక్రోషంగా ఆమె వైపు తిరిగాడు. "అందరికంటే ముందు నాకు కదా చెప్పాలి?"

"ఇప్పుడు చెప్తున్నాగా," అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది.