ఆజం భాయ్ గొంతు

హాలియాలో ఆజం భాయ్‌ని ఎరగనివాళ్లు లేరు. వయసులో ఉన్నప్పుడు సైకిల్ మీద దుప్పట్ల మూట కట్టుకుని పల్లెపల్లె తిరిగి అమ్మినవాడు. ముందు ఆయన కేక వినపడేది, ఆ తర్వాతే మనిషి కనపడేవాడు. ఆ పిలుపులోని ఆప్యాయతకు ఆడవాళ్లు బేరమాడటం మరిచిపోయేవారు. దుప్పట్ల మూట కాస్తా బట్టల దుకాణమైంది. దుకాణం అరుగు మీద ఊరి తగవులు తీర్చడం మొదలైంది. చివరికి మున్సిపల్ ఎన్నికల్లో నిలబడ్డాడు. "మీ ఇంటి మనిషిని, మీ ఆజంను" అంటూ రికార్డు చేసిన ఆయన గొంతు మైకు ఆటోలో వాడవాడా తిరిగింది. గెలిచి చైర్మన్ అయ్యాడు.

ఆ ఆటో నడిపిన యాదయ్య మాత్రం గెలుపు చూడలేదు. ప్రచారం ఆఖరి రోజు ఆటోతో సహా సాగర్ కాల్వలో పడ్డాడు. శవం దొరికింది. ఆటో దొరకలేదు.

కొన్నాళ్లకు యాదయ్య భార్య నర్సింగమ్మ, ఒక్కసారి వచ్చి పొమ్మని కబురు పంపింది. ఆజం ఒక్కడే పోయాడు. పొద్దు గూకుతోంది. ఆమె ఇల్లు కాల్వ గట్టు పక్కనే. నీళ్లు నిండుగా, నల్లగా పారుతున్నాయి. తడి మట్టి వాసన... అందులో సన్నగా పెట్రోలు వాసన.

"ఏమైందమ్మా?"

"జర ఆగు భాయ్. గీ యాల్లకే ఇనొస్తది," అంది గుసగుసగా.

మసీదులో అజాన్ ముగిసింది. కప్పల అరుపులూ ఆగిపోయాయి.

నీళ్ల అడుగు నుంచి గరగరమని చప్పుడు. తర్వాత ఒక గొంతు. తన గొంతే.

"మీ ఇంటి మనిషిని... మీ ఆజంను..."

ఆజం నీళ్ల వైపు వంగి చూశాడు. "ఎవడో ఆటలాడుతున్నడు," అన్నాడు మెల్లగా.

గొంతు ఆగలేదు. తర్వాతి మాటలు ఆయన రికార్డు చేసినవి కావు.

"నిద్ర ఆగుతలేదు సేటూ, కండ్లు మూతపడుతున్నయి, అన్నడు యాదయ్య. ఇంకొక్క చక్కర్ కొట్టిరా, తర్వాత సచ్చిందాక పండుకో... అని నేనన్న."

ఆ మాట అన్నప్పుడు దగ్గర మూడో మనిషి లేడు.

నర్సింగమ్మ మెల్లగా ఆయన వైపు తిరిగింది. "నిజమేనా భాయ్?"

ఆజం నోరు తెరిచాడు. నాలుక కదిలింది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

కాల్వలోంచి వచ్చింది.

"అబద్ధం! నేను అనలే! అల్లా కసమ్, అనలే!"

రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అయినా ఆ గొంతు అరుస్తూనే ఉంది... నీళ్లతో పాటు దూరం, దూరం పోతూ. నర్సింగమ్మ వెనక్కి వెనక్కి నడిచి, ఇంట్లోకి పోయి గడియ వేసుకుంది.

ఆజం మళ్లీ మాట్లాడలేదు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, గొంతులో ఏ దోషమూ లేదన్నారు. ఇప్పుడు ఆయన బదులు భార్య కౌసరే అందరికీ జవాబు చెబుతోంది.

ఎండాకాలం కాల్వకు నీళ్లు బంద్ చేశారు. తూము దగ్గర బురదలో ఆటో తేలింది. ఊరంతా కదిలింది. ఆజం కూడా కౌసర్ చెయ్యి పట్టుకుని వచ్చాడు. మైకు నిండా ఒండ్రు. యాదయ్య కూర్చునే సీటు కుళ్లి ఊడిపోయింది.

వెనక సీటుకు మాత్రం బురద చుక్క అంటలేదు. ఇప్పుడే ఎవరో లేచి పోయినట్టు పొడిగా ఉంది.

"యెనక కూసున్నది ఎవరు?" నర్సింగమ్మ ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ అడిగింది.

ఎండకు నెర్రెలిచ్చిన కాల్వ అడుగు మీద, ఆ సీటు దగ్గర మొదలై, ఉత్త కాళ్ల అడుగుజాడలు గట్టెక్కి ఊరి దిక్కుకు పోయాయి.

అవి ఇంకా తడిగానే ఉన్నాయి.