ప్రమాదానికి కారణం

పొద్దున ఆరు గంటలకు అంబాబాయి బోరింగు నుంచి మూడో బిందె మోసుకొచ్చి స్నానాలగదిలో దించింది. నడుం పట్టేసింది. గోడకు ఆనుకుని ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. ఇరవై రోజులుగా ఇదే వరస. భర్త శ్రీపాదరావును మంచం మీంచి లేపడం, ఒళ్ళు తుడవడం, మళ్ళీ పడుకోబెట్టడం. కట్టు వేసిన కాలు అంగుళం కదిలినా ఆయన మూలుగు వంటింటి దాకా వినిపించేది.

పాతికేళ్ళ కాపురంలో ఆ దంపతులు గుడికో పెళ్ళికో కాకుండా ఆదోని దాటింది ఒక్కసారే. ఎనభై మూడు ఆగస్టులో, ఎమ్మిగనూరు కాశప్ప వేసిన టూరిస్టు బస్సులో, చిత్రదుర్గం కోట చూడ్డానికి. ఆ కోట రాతిమెట్ల మీదే శ్రీపాదరావు పడ్డాడు. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. నెలలోగా ఆపరేషన్ చేసి కడ్డీ వేయకపోతే కాలు వంకరగానే అతుక్కుంటుందన్నాడు బళ్ళారి డాక్టరు. మిల్లు గుమాస్తా జీతంతో అయ్యే పని కాదది. ఉన్న ఆశల్లా, బస్సెక్కేముందు కాశప్ప తలకు ఐదు రూపాయలు కట్టించిన ప్రయాణపు ఇన్సూరెన్సే.

తలుపు చప్పుడైంది. ఇన్సూరెన్సు ఏజెంటు దావీదు. చేతిలో నాలుగు రోజుల కిందట అంబాబాయి రాసిచ్చిన ఫారం.

"అమ్మా, సారు పడేటప్పుడు చూసింది మీరొక్కరే గదా?"

"అవునప్పా."

"మరి ఇదేంది? 'ప్రమాదానికి కారణం' అన్నకాడ 'నా తప్పు' అని రాసినారు. కర్నూలు ఆఫీసులో చదివి నవ్వినారు. నవ్వడం అయినంక నన్ను పిలిపించినారు. మీరేమన్నా సారును తోసినారా?"

మంచం మీంచి శ్రీపాదరావు తల ఎత్తాడు. "ఎవరు తోసింది? ఏం రాసినావు అంబా?"

"ఉన్నదే రాసినా."

"శనివారం లోపల సరైన కాగితం పోకుంటే ఫైలు మూసేస్తారు సార్." దావీదు కొత్త ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. "మెట్టు తడిగా ఉండె, జారినాడు. అంతే రాయండమ్మా."

అంబాబాయి కలం ముట్టుకోలేదు. "నేను రాయను."

"కాలు నాది," అన్నాడు శ్రీపాదరావు. "కుంటాల్సింది నేను. రాయనీకి నీకేం పోయింది?"

ఆ మాటతో ఆమెలో ఏదో తెగిపోయింది.

"బయల్దేరే ముందురోజు కార్డొచ్చింది. రాయచూరులో మీ తాత తమ్ముడి మనవడు సేతుమాధవరావు పోయినాడని. ఒక్క పెండ్లిలో చూసిన మొహం. కానీ దాయాది. చెవిన పడితే మీకు పది దినాల మైల. మైలలో ఊర్లు తిరగకూడదు. బస్సు మన కోసం ఆగదు. పాతికేండ్లు పొయ్యి ముందర కూచున్నా, ఒక్క కోట చూడాలనుకున్నా. మీరు వినకుంటే మీకు మైల లేదని నాకు నేనే చెప్పుకున్నా. కార్డు నీళ్ళపొయ్యిలో వేసి బస్సెక్కినా. దేవుడు మీ కాలు విరగ్గొట్టినాడు. దాన్ని ప్రమాదమని ఎట్ల రాసేది?"

శ్రీపాదరావు మోచేతుల మీద కాస్త పైకి లేచాడు.

"నాకు ముందే తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"రాయచూరు నుంచి వచ్చిన లారీ లక్ష్మప్ప మిల్లుకాడ చెప్పినాడు. ఇంటికొచ్చేసరికి నువ్వు చీర మడత పెట్టుకుంటాండావు. చెబితే దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేస్తావు. నోరు రాలేదు. ఈ ఇరవై దినాలూ నేను దాచినందుకే నాకిట్లయిందని అనుకుంటాండా."

అంబాబాయి నేల మీద కూలబడింది. ఒకే గదిలో ఇరవై రోజులు, ఎవరి బరువు వాళ్ళు మోసుకుంటూ. ఏడుపు రావడానికి కూడా ఓపిక కావాలి. అది ఆలస్యంగా వచ్చింది.

దావీదు గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరూ నా తప్పంటే నా తప్పంటే, కంపెనీ ఎవరి తప్పుకు డబ్బులియ్యాల సార్? మీ మైల సంగతి నాకు తెలీదు. అమ్మా, ఆ దినం వాన పడిందా?"

"పడింది."

"మెట్టు పాచి పట్టిందా?"

అంబాబాయి కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ కార్డు గురించే తప్ప ఆ మెట్టు గురించి ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడది కళ్ళ ముందుకొచ్చింది. పచ్చటి పాచి. చెప్పు కింద జర్రుమన్న రాయి. అయితే ఆ చెప్పు ఆయనది కాదు.

ఆమె కలం తీసుకుంది. నెమ్మదిగా రాసి ఇచ్చింది. దావీదు పైకి చదివాడు.

"'మెట్టు పాచి పట్టి ఉంది. మొదట నేను జారాను. ముందు నడుస్తున్న ఆయన, నన్ను పట్టుకోవడానికి వెనక్కి తిరిగి పడ్డారు.'" అతను కాగితం జాగ్రత్తగా మడిచాడు. "ఇదమ్మా ప్రమాదమంటే. ఇంక నేను చూసుకుంటా."

అతను వెళ్ళిపోయాక శ్రీపాదరావు అడిగాడు.

"నాకు పడింది తప్ప ఏమీ గుర్తులేదు అంబా. అప్పుడు నిన్ను పట్టుకున్నానా?"

ఆమె వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"పట్టుకున్నారు," అంది. "కింద పడినంక గూడ వదల్లేదు."