వీడియోలో వెనక గోల

ఉదయం ఏడు గంటలకి పట్టాభి గారు బాల్కనీలో కాఫీ తాగుతూ, కింద ఫ్లాటు వాళ్లకి వినబడేలా, "మా కోడలికి ఇవాళ మీటింగులు ఎక్కువట" అన్నారు. కింద ఫ్లాటు వాళ్లు ఏమీ అడగలేదు. అడగకముందే చెప్పడం ఆయన అలవాటు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి.

కోడలు వాణికి మీటింగులేవీ లేవు. ఆ సమయానికి ఆమె వంటింట్లోంచి బియ్యం డబ్బాని చిన్నగదిలోకి దొర్లిస్తోంది. ఆ డబ్బా మీద నాలుగు పాత ఎంసెట్ గైడ్లు పేర్చి, వాటి మీద ఫోను నిలబెడితే వీడియో తీయడానికి సరిగ్గా సరిపోయే ఎత్తు వస్తుంది.

"అమ్మాయ్, మధ్యాహ్నానికి బియ్యం తీసి పెట్టావా?" అని అత్తగారు హనుమాయమ్మ కేకేసింది. "నువ్వు తలుపేసుకున్నావంటే పదకొండున్నర దాకా ఈ ఇంట్లో బియ్యం ఉండవు."

"తీసిన అత్తయ్యా. ఎవరన్న ఒస్తరేమో అని ఒక గ్లాసు ఎక్కువనే తీసిన."

వాణి నడిపే ఛానల్ పేరు 'తక్కువలో వీడియో'. పెద్ద కెమెరాలు కొనలేనివాళ్లు ఉన్న ఫోనుతోనే మంచి వీడియో ఎలా తీసుకోవాలో చెబుతుంది. చొక్కాకి తగిలించుకునే చిన్న మైకుల్లో ఏది కొనాలి, ఏది కొంటే ఏడవాలి. లైటు కొనకుండా థర్మాకోల్ అట్టతో కిటికీ వెలుతురుని ఎలా మళ్లించుకోవాలి. డబ్బు కట్టక్కర్లేని యాప్‌లో అక్కర్లేని ముక్కలు ఎలా కత్తిరించాలి. టైలర్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, పచ్చళ్లు అమ్మేవాళ్లు నలభై వేల మంది చూస్తారు.

అందులో ఆమె ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. మొదలుపెట్టిన రోజునే పట్టాభి గారు మూడు షరతులు పెట్టారు. ముఖం కనపడకూడదు, ఇంటిపేరు చెప్పకూడదు, ఇల్లెక్కడో తెలియకూడదు. "కోడలు గదిలో తలుపేసుకుని ఫోనుతో మాట్లాడుతుందంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. ఆ నలుగురూ ఎవరో ఇప్పటిదాకా తేలలేదు. లెక్కల మాష్టారు అయ్యుండీ ఆయన ఆ సంఖ్యని సరిచూసుకోలేదు. కొడుకు రవితేజ సూర్యాపేటలో బ్యాంకు ఉద్యోగి, శనివారం వస్తాడు. "నాన్న పెద్దవారు కదా" అనేసి సోమవారం బస్సెక్కాడు. అప్పట్నుంచీ ఛానల్లో వాణివి రెండు చేతులూ, ఒక గొంతూ మాత్రమే ఉంటాయి. ఊళ్లోవాళ్లకి మాత్రం ఆమె ఏదో కంపెనీలో ఇంటి నుంచి పనిచేస్తోంది. ఏ కంపెనీ అని ఎవరైనా అడిగితే పట్టాభి గారికి దగ్గు వస్తుంది.

ఇంతవరకూ చాలా ఇళ్లలో జరిగేదే. తర్వాతది చెప్పడానికి ఆయనకే సిగ్గు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

రిటైరయ్యాక తోచక పట్టాభి గారు కూడా లెక్కల వీడియోలు చేద్దామనుకున్నారు. ఫోనుతో తీస్తే మర్యాదగా ఉండదని, పాత విద్యార్థి ఒకడి ద్వారా పెద్ద కెమెరా కొన్నారు. కొన్నాక వారం రోజులు దాన్ని మెడలో వేసుకుని కూరగాయలకి వెళ్లారు. తర్వాత పడగ్గదిలో బోర్డు పెట్టి, కెమెరాని పది అడుగుల దూరంలో నిలబెట్టి వర్గ సమీకరణాలు చెప్పారు. వీడియో చూసుకుంటే బొమ్మ అద్భుతం. గొంతు మాత్రం నూతిలో పడ్డ మనిషి పైవాళ్లని పిలుస్తున్నట్టు వచ్చింది.

పక్కగదిలో ఉన్న కోడల్ని అడిగితే పది నిమిషాల పని. పట్టాభి గారు అడగలేదు. రాఘవేంద్ర అనే పేరుతో కొత్త ఖాతా తెరిచి, ఆమె ఛానల్ కింద కామెంట్లలో అడిగారు. "తమ్ముడూ, మైకు నోటికి జానెడు దూరంల ఉండాలె" అని వాణి జవాబు రాసింది. అరవై ఎనిమిదేళ్ల తమ్ముడికి ఒళ్లు మండింది గానీ, జానెడు దూరం బ్రహ్మాండంగా పనిచేసింది. అప్పట్నుంచి ఆయన పడగ్గదిలోంచి అడగడం, ఆమె చిన్నగదిలోంచి చెప్పడం, భోజనాల దగ్గర ఇద్దరూ వంకాయ కూర గురించి మాట్లాడుకోవడం జరుగుతూ వచ్చింది.

ఆ రోజు పదింటికి ప్రసన్నకుమార్ వచ్చాడు. ఒకప్పుడు పట్టాభి గారి కింద పనిచేసిన లెక్చరర్. ఇప్పుడు ఎల్.బి. నగర్‌లో సొంతంగా చిన్న కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు.

"మాష్టారూ, మీ సాయం కావాలి" అన్నాడు సోఫాలో కూర్చుంటూనే. "మా వాళ్ల క్లాసులు ఆన్‌లైన్లో పెడదామనుకుంటున్నా. మూసారాంబాగ్ నుంచి ఒకాయన వచ్చి స్టూడియో కడతానన్నాడు. ఆయన చెప్పిన ధర వింటే స్టూడియో ఉంటుంది, నేనుండను. ఇంతలో మా ఫిజిక్స్ ఆయన ఒక ఛానల్ చూపించాడు. వాణి గారట. ఉన్న ఫోన్లతోనే చేసుకోమంటోంది. ఎంత చక్కగా చెబుతోందండీ! ఆవిడొచ్చి మా లెక్చరర్లకి నెల రోజులు నేర్పితే జీతం ఇచ్చి పెట్టుకుంటా. ఒక వీడియోలో వెనక మన మెట్రో అనౌన్స్‌మెంట్ వినపడింది. ఈ చుట్టుపక్కలే ఉంటుంది. మీకేమైనా తెలుసా?"

అప్పుడే వాణి కాఫీ పళ్లెంతో గుమ్మం దాటింది.

పట్టాభి గారు కోడలి వైపు చూడలేదు. పంకా వైపు చూశారు. "వాణి గారా?" అన్నారు. "ఎవరో నాకు తెలియదు ప్రసన్నా. అలాంటివాళ్లని మనకెవరు పరిచయం చేస్తారు? ఈవిడ మా కోడలు. కంపెనీలో చేస్తుంది."

"నమస్కారమమ్మా. ఏ కంపెనీ?"

పట్టాభి గారికి దగ్గు వచ్చింది.

వాణి ఏమీ అనలేదు. నవ్వింది కూడా లేదు. తల ఒకసారి ఊపి, కప్పు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆమె నోరు విప్పనందుకు పట్టాభి గారు హమ్మయ్య అనుకున్నారు. అలా అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు ఆయనకి కాఫీ సయించలేదు.

"రేపటికి ఆవిడ దొరక్కపోతే ఇక మూసారాంబాగ్ ఆయన్నే రమ్మంటా" అని చెప్పి ప్రసన్నకుమార్ వెళ్లిపోయాడు.

తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి వాణి హాల్లో నిలబడి ఉంది, చేతిలో ఫోను. వెనక హనుమాయమ్మ, చేతిలో గరిటె.

"అంటే... ముక్కూ మొహం తెలియని మగవాళ్లందరికీ నువ్వెళ్లి క్లాసులు చెప్పడం..." అని పట్టాభి గారు మొదలుపెట్టారు.

"మామయ్యా, జర ఆగుండ్రి. ఒక్కటి వినుండ్రి."

ఫోన్లోంచి బోర్డు మీద చాక్‌పీసు టకటకా రాస్తున్న చప్పుడు వచ్చింది. మనిషి మాట లేదు. పట్టాభి గారి చెవులు వేడెక్కాయి. అది పోయిన నెల రాఘవేంద్ర పేరుతో తను ఆమెకి మెయిల్లో పంపిన ముక్క. తన గొంతు ఉంటే గుర్తుపడుతుందని, తను మాట్లాడకుండా బోర్డు మీద రాస్తున్న రెండు నిమిషాలే ఏరి పంపారు. ఆ జాగ్రత్తకి తన్ని తనే మెచ్చుకున్నారు కూడా.

చాక్‌పీసు వెనకాల, గోడ అవతల్నుంచి ఒక గొంతు వినిపించింది. "డబ్బా మెరుస్తదని మోసపోకుండ్రి. మైకు కొనేముందు వైరు పొడుగు చూడుండ్రి..." దాని మీద ఇంకో గొంతు: "ఏవండీ, ఆ కెమెరా కట్టేసి కొబ్బరి తురమండి!"

"నా గొంతు బాగానే వచ్చిందే" అంది హనుమాయమ్మ.

"మీరు రాసిన ఉత్తరం గూడ చదువుత మామయ్యా." వాణి గొంతు వణకలేదు. అందుకే ఆయనకి భయమేసింది. "'మేడమ్, వెనక ఎవరో ఆడమనిషి అదేపనిగా వాగుతోంది. ఈ గోల పూర్తిగా తీసెయ్యడం ఎలా?'"

వాణి ఫోను బల్ల మీద పెట్టింది.

"గా వాగేది నేనే. ఆ రోజు మీకు ఇబ్బంది కావద్దని పరుపు గోడకు నిలబెట్టి, ఫ్యాను బందు చేసుకోని, చెమటలు కారంగ మాట్లాడుతున్న. నా గోల ఎట్ల తీసెయ్యాలెనో నాలుగు పద్ధతులు నేనే మీకు రాసి పంపిన."

"తెలిసీ... తెలిసీ ఎందుకు చెప్పావమ్మా?"

"అడిగినోళ్లకు చెప్పుడు నా పని. నాకు తెలిసిందని మీకు తెలిస్తే సిగ్గుపడ్తరని నెల రోజులు నోరు మూసుకున్న. ఇయ్యాల గా సారు నన్నే అడగొచ్చిండు. నేను ఒక్క మాట మాట్లాడితే గొంతు గుర్తుపడ్తడు. మీ పరువు పోతదని గప్పుడు గూడ నోరు మూసుకున్న." అప్పుడు మాత్రం ఆమె కళ్లు నిండాయి. "ముఖం తీసేసిన్రు, ఊకున్న. ఇంటిపేరు తీసేసిన్రు, ఊకున్న. ఇంక నాకు మిగిలింది గొంతొక్కటే మామయ్యా. అది గూడ తీసేస్తే ఎట్ల?"

హనుమాయమ్మ గరిటె పక్కన పెట్టింది. "ముప్ఫై ఒక్క ఏళ్లు మీరు ఊళ్లో పిల్లలందరికీ లెక్కలు చెప్పారు. మీ ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఒక్కనాడైనా నేను దగ్గానా?"

బోర్డు ముందు నిలబడి ఏమీ రాయలేకపోయిన పిల్లల్ని పట్టాభి గారు ఎంతోమందిని చూశారు. ఇవాళ తనూ వాళ్లలో ఒకరయ్యారు.

"ప్రసన్నకి ఫోన్ చేసి చెప్పేస్తాలే" అన్నారు చివరికి.

"ఫోన్ల చెప్పుడు వద్దు. ఎదురుంగ కూసోని తెల్వదన్నరు. చెప్తే ఎదురుంగనే చెప్పుండ్రి, లేకుంటే వద్దు. గా పని లేకున్నా నాకు నడుస్తది."

ఆ రోజు బియ్యం డబ్బా పదకొండింటికే వంటింట్లోకి తిరిగొచ్చింది. హనుమాయమ్మ అందరికీ వండింది. ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున పట్టాభి గారు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కారు. ఎల్.బి. నగర్‌కి మూడే స్టేషన్లు. ఒక్కో స్టేషన్‌కి ఒక్కో సాకు సిద్ధం చేసుకున్నారు. వేరే వాణి అనుకున్నానని చైతన్యపురి దగ్గర అనుకున్నారు. నిన్న చెవి సరిగ్గా వినపడలేదని విక్టోరియా మెమోరియల్ దగ్గర. బీపీ మాత్ర వేసుకోలేదన్నది చివరిది. మూడింటినీ లెక్కల మాష్టారిలా సరిచూశారు. మూడూ తప్పే. కోచింగ్ సెంటర్ మెట్లెక్కేసరికి ఆయన దగ్గర నిజం తప్ప ఏమీ మిగల్లేదు.

లోపల ప్రసన్నకుమార్, ఏడుగురు లెక్చరర్లు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద స్టూడియో వాళ్ల రంగుల పుస్తకం తెరిచి ఉంది. అందరూ లేచి నిలబడ్డారు. అందులో ముగ్గురు ఆయన శిష్యులే. అంత మర్యాద ఆ క్షణంలో ఆయన భరించలేకపోయారు.

"కూర్చోండి మాష్టారూ. ఏంటిలా వచ్చారు?"

"కూర్చోను ప్రసన్నా. నిన్న నీకు అబద్ధం చెప్పాను. నువ్వు వెతుకుతున్న వాణి మా కోడలే."

ప్రసన్నకుమార్ నవ్వబోయాడు, ఆయన ముఖం చూసి ఆగాడు. "నిన్న కాఫీ ఇచ్చినమ్మాయా? ఆవిడ ఒక్క మాటైనా మాట్లాడలేదే!"

"మాట్లాడితే నువ్వు గొంతు పట్టేస్తావు. మామగారి అబద్ధం బయటపడుతుంది. అందుకని ఆ పిల్ల నోరు కట్టుకుంది." పట్టాభి గారు కళ్లజోడు తీశారు. తుడవడానికి జేబురుమాలు తెచ్చుకోలేదు. "కంపెనీ ఏదీ లేదు. ముఖం చూపించొద్దన్నది నేనే. మళ్లీ దొంగపేరు పెట్టుకుని ఆ పిల్ల దగ్గరే పాఠం నేర్చుకున్నదీ నేనే. నేర్చుకోవడానికి లేని సిగ్గు, మా కోడలని చెప్పడానికి వచ్చింది."

ఫిజిక్స్ ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగాడు. మిగతావాళ్లు రంగుల పుస్తకంలో స్టూడియో బొమ్మలు శ్రద్ధగా చూశారు.

ప్రసన్నకుమార్ పుస్తకం మూసేశాడు. నంబరు అడిగి తీసుకుని, స్పీకర్ పెట్టి ఫోను చేశాడు.

"హలో, ఎవరు?"

బల్ల చుట్టూ తలలు ఒక్కసారిగా లేచాయి. ఆ గొంతు అందరికీ తెలుసు.

"అమ్మా, నేను ప్రసన్నకుమార్‌ని, నిన్న మీ ఇంటికొచ్చాను. నువ్వే ఆ వాణి గారని తెలియక కాఫీ తాగి వెళ్లిపోయాను. మా వాళ్లకి నేర్పుతావా?"

అటునుంచి కుక్కర్ కూత వినిపించింది.

"మీకెవరు చెప్పిన్రు సార్?"

"మాష్టారే. ఇక్కడికొచ్చి, మా ఏడుగురు లెక్చరర్ల ముందు నిలబడి చెప్పారు. ఇంకా నిలబడే ఉన్నారు."

ఇంకో కూత. తర్వాత స్టవ్ కట్టేసిన చప్పుడు. "మోకాళ్ల నొప్పులు సార్ ఆయనకు. కూసోమనుండ్రి."

"కూర్చోనంటున్నారమ్మా."

"అయితే నేను రేపు పదింటికి ఒస్త. ఏడు కాదు సార్, ఎనిమిది కుర్చీలెయ్యుండ్రి. మా మామయ్యకు గూడ ఇంకా నేర్చుకునేది శానా ఉంది."

పట్టాభి గారు ఎవరికీ ముఖం చూపించకుండా పక్కగదిలోకి వెళ్లారు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి వాళ్లందరి వెనక వేసుకున్నారు. శిష్యుల్లో ఒకడు లేచి అందుకోబోతే ఇవ్వలేదు. క్లాసు రేపు పదింటికి. ఆయన ఇవాళే కూర్చున్నారు.