అర్థమయ్యేలా రాసిన ఉత్తరం

చట్టం మాట విన్నవాడే మోసపోయాడు. దీని మీద హార్లన్ టకెట్ ఎవరితోనూ వాదించడు. వాదించడానికి అందులో ఏమీ లేదు.

పొట్టి తుపాకీ వెనక బిగించే చేతిపట్టీ సంగతి అది. ఒంటిచేతివాళ్ళు తుపాకీని మోచేతికి కట్టుకుని కాల్చడానికి పుట్టిన వస్తువు. ప్రభుత్వం మొదట సరేనంది. తర్వాత దాన్ని భుజానికి ఆనిస్తే నేరమంది. మళ్ళీ ఫర్వాలేదంది. చివరికి రిజిస్టరు చెయ్యండి, లేదంటే పట్టీ పాడుచెయ్యండి అని గడువు పెట్టింది. హార్లన్ భార్య తమ్ముడు లైల్ ఓస్గుడ్ కుడిచెయ్యి గడ్డికట్టల యంత్రంలో పోయింది. ఓక్లహోమా రైతుల పొలాల్లో పడే అడవి పందుల్ని కాల్చడం అతని బతుకుతెరువు. అతను సలహా అడిగితే, ఆ రూలు పెట్టిన ప్రభుత్వ ఆఫీసులోనే ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న హార్లన్ "కోసెయ్" అన్నాడు.

లైల్ పట్టీని పనిబల్లకున్న వైస్‌లో బిగించి, ఎడమచేత్తో రంపం పట్టుకుని కోశాడు. ఏడాది తిరిగేసరికి జడ్జి ఆ రూలునే కొట్టేశాడు. మాట విననివాళ్ళు అటకల మీంచి పట్టీలు దించుకున్నారు. లైల్‌కి ఒక పందుల సీజను మొత్తం పోయింది. తర్వాత హార్లన్ భార్య మార్లిస్ చనిపోయింది. అక్క సమాధికి అటువైపు లైల్, ఇటువైపు హార్లన్ నిలబడ్డారు. లైల్ తల కూడా ఊపలేదు.

అప్పట్నుంచి హార్లన్ ఇంట్లో ఫోను మోగితే అది ఆఫీసే.

ఆ మంగళవారమూ ఆఫీసే. వెళితే పై అధికారి విట్లాక్ తలుపు మూసి, ఒక కాగితం ముందుకు తోశాడు.

"చదువు."

ఆఫీసు ముద్ర ఉంది. సంతకం ఉంది. ఆరే ఆరు లైన్లు. థర్మల్ స్కోపులన్నీ జులై ఒకటిలోగా రిజిస్టరు చెయ్యాలి. వేలిముద్రలు, ఫొటో పంపాలి. చెయ్యనివారికి పదేళ్ళ జైలు.

"ఎప్పుడు పంపాం ఇది?"

"పంపలేదు. దొంగది."

తుపాకీ మీద బిగించే థర్మల్ స్కోపు చీకట్లో కూడా వేడిని చూస్తుంది. పొదలో పడుకున్న పందినీ, కందకంలో పడుకున్న సైనికుణ్ణీ ఒకేలా చూస్తుంది. అందుకే ఆ సరుకు అనుమతి లేకుండా దేశం దాటకూడదు.

"మూడు రాష్ట్రాల్లో వెయ్యిమందికి చేరింది," అన్నాడు విట్లాక్. "నాలుగు వేల డాలర్ల స్కోపు ఎనిమిది వందలకి దిగింది. అన్నీ ఒకే ముఠా కొంటోంది. వెనకున్నది ఒక విదేశీ గూఢచారి సంస్థ. ఏ దేశమో నీకక్కర్లేదు."

"ఉత్తరం అబద్ధమని ప్రకటించొచ్చుగా?"

"ప్రకటించాం. ఆ రోజే ధర ఆరొందలకి పడింది."

విట్లాక్ ఇంకో కాగితం తీశాడు.

"మూడు వందలకు పైగా స్కోపులు పోగయ్యాయి. శనివారం కింబ్రో తుపాకుల సంతలో ఆఖరి కొనుగోలు. అక్కణ్ణించి రేవుకి. కాగితాల్లో మాత్రం నీటి పంపులు. సరుకు కింబ్రో దాటితే ఇక మన చేతికి చిక్కదు."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"ఇలోనా ప్రెస్ట్. ముఠా తరపున కొనేది ఆవిడే. రెండేళ్ళుగా మనకి కబుర్లు మోస్తోంది."

"నమ్మొచ్చా?"

"రెండుచోట్లా జీతం తీసుకుంటోంది. ఒకచోట తీసుకునేవాళ్ళనే నమ్ముతున్నాంగా."

హార్లన్ లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. "ఒకటి చెప్పండి. ఇలాంటి రూలు నిజంగా తెచ్చే ఆలోచన ఉందా?"

"ఎవరి బల్ల మీదా లేదు. నాది హామీ."

శనివారం కింబ్రో సంతమైదానంలో హార్లన్ ఎండుమాంసం అమ్మేవాడిగా కూర్చున్నాడు. పాత కేసు కోసం పెంచిన గడ్డం పనికొచ్చింది. మెడలో శబ్దాన్ని ఆపే చెవితొడుగులున్నాయి. ఆ హాల్లో సగంమంది మెడల్లో అవే ఉన్నాయి. ఇతని వాటిలో రేడియో ఉంది, అంతే తేడా. తలుపు దగ్గర బడ్ అనే ముసలి డెప్యూటీ లోపలికొచ్చే ప్రతి తుపాకీనీ ఖాళీ చేయించి, ట్రిగ్గరు కదలకుండా పసుపుపచ్చ నైలాన్ కట్టు బిగిస్తున్నాడు.

ఇద్దరు ముసలాళ్ళు హార్లన్ బల్ల ముందు నుంచి పోతూ ఆగారు.

"ఎండుమాంసం, కొవ్వొత్తులు, అల్లిన టోపీలు," అన్నాడొకడు. "ఇది తుపాకుల సంతా, చర్చి సంబరమా?"

"నీకు పళ్ళుంటే కదరా మాంసం మీద కోపం," అన్నాడు రెండోవాడు. ఇద్దరూ ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు.

స్కోపు పెట్టెలు పట్టుకుని మనుషులు వరసల మధ్య తిరుగుతున్నారు. పెట్టెలకు గుచ్చిన పుల్లల మీద ధర రాసిన కాగితం జెండాలు. రాసిన ధర కొట్టేసి కింద ఇంకోటి, అదీ కొట్టేసి ఇంకోటి. ఎవరి మొహంలోనూ కోపం లేదు. వడగళ్ళకి పోయిన గోధుమచేను చూసుకునే మొహాలు.

ఒకప్పుడు ఇలాంటి సంతలకు మార్లిస్‌తో వచ్చేవాడు. ఆమె బేరమాడేది, అతను సంచీ మోసేవాడు. ఇప్పుడు బల్ల వెనక నిర్వాహకులు రెండు కుర్చీలు వేశారు. రెండోదాని మీద అతను కోటు పెట్టాడు.

ఒంటిగంటన్నరకు ఎర్రకోటు కనబడింది. ఆకుపచ్చ చారల చొక్కాల మధ్య ఇలోనా ప్రెస్ట్ దాక్కునే ప్రయత్నమే చెయ్యలేదు. మగవాళ్ళు దారిచ్చారు. ఆమె బల్ల ముందు ఆగింది.

"ఎడమచేతి తుపాకీ ఒర ఉందా?"

"ఎడమచేతివాళ్ళంతా చచ్చిపోయారు."

"అయ్యో, ఎప్పుడు?"

"మంగళవారం."

సంకేతం సరిపోయింది. ఆమె ఒక ముక్క తీసి కొరికింది. "నాలుగింటికి. ఉత్తరం వైపు గేటు. తెల్ల వ్యాను." ఇంకోసారి నమిలింది. "ఉప్పెక్కువైంది." వెళ్ళిపోయింది.

హార్లన్ చెవితొడుగు సర్దుకుంటూ కబురు చెప్పాడు. అయిదు నిమిషాల్లో విట్లాక్ తన మనుషులందర్నీ ఉత్తరం గేటుకు తరలించాడు.

రెండింటికి పది నిమిషాలుందనగా ఒక నీడ బల్ల మీద పడి ఆగింది. ఎడమచేతిలో పెట్టె. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్నుతో గుచ్చి ఉంది.

"ఆఫీసరు గారూ, గడ్డం పెంచితే చెవులు మారతాయా?"

"లైల్. మెల్లిగా."

"తమరితో మెల్లిగా మాట్లాడాలని కూడా లేదు నాకు."

"ఆ పెట్టెలో ఏంటి?"

"నా స్కోపు. అమ్మేస్తున్నా. మీ ఆఫీసు ప్రేమలేఖ రాసిందిగా."

"అది దొంగ ఉత్తరం."

"అలాగా? అప్పుడు నిజం ఉత్తరం చూపించి కొయ్యమన్నారు. ఇప్పుడు దొంగ ఉత్తరం, దాచుకోమంటున్నారు. ఎటు తిరిగినా గుండు నాకే కదా."

"అది అమ్మితే చీకట్లో పంది కనపడదు నీకు. ఏం తిని బతుకుతావ్?"

"ఒంటిచేతివాడికి జైలుకన్నా పస్తు నయం."

అతను కదలబోయాడు. వేషంలో ఉన్నవాడు పని ముగిసేదాకా సొంత మనిషికైనా నిజం చెప్పకూడదు. ఇరవై తొమ్మిదేళ్ళలో హార్లన్ ఆ నియమం ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు బల్ల ఇవతలకు వచ్చాడు.

"ఆ ఉత్తరం మేం రాసింది కాదు. అలాంటి రూలేదీ రావడం లేదు. మార్లిస్ మీద ఒట్టు."

లైల్ వెనక్కి తిరిగాడు.

"మా అక్క పేరెత్తావ్," అన్నాడు. 'తమరు' పోయింది. "అబద్ధమైతే నిన్ను మనిషిగా కూడా చూడను."

"చూడకు."

లైల్ పెట్టె దించి, జేబులోంచి ఉత్తరం తీసి, బల్ల మీద పరిచి అరచేత్తో చదును చేశాడు. పెదాలు కదుపుతూ చదివాడు. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది.

"నా బుర్రకి తెల్లారలేదు చూడు! ఇంట్లో మీ ఆఫీసు ఉత్తరాలు పదకొండున్నాయి. 'ఈ అభిప్రాయం పైన పేర్కొన్న నమూనాకు మాత్రమే, తదుపరి సమీక్షకు లోబడి'... ఒక్కదానికీ తలాతోకా లేదు. ఇదేమో మొదటిసారికే అర్థమైంది. తారీఖుంది, శిక్షుంది, ఏం చెయ్యాలో ఉంది. ఇంత శుభ్రంగా రాయడం మీవాళ్ళకెక్కడ చాతనవుతుంది?"

హార్లన్‌కి నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు. "ఎవరికి అమ్ముదామనుకున్నావ్?"

"ఎర్రకోటావిడకి. రెండింటిలోపు పశువుల కొట్టం దగ్గరికి తెమ్మంది. రెండు కొట్టగానే ట్రెయిలరు కదిలిపోతుందట."

హార్లన్ గోడగడియారం చూశాడు. ఒకటీ యాభైమూడు. తనకు నాలుగన్నది. లైల్‌కి రెండంది. సరుకు కావలసినవాళ్ళు, అమ్మేవాడికి తప్పు టైము చెప్పరు.

"విట్లాక్. ఇలోనా వాళ్ళ మనిషి. సరుకు పశువుల కొట్టంలో ఉంది. దక్షిణం గేటు. ఏడు నిమిషాలు."

చెవిలో బూతు వినిపించింది. తర్వాత, "చుట్టూ తిరిగి రావడానికి మాకు పన్నెండు పడుతుంది."

లైల్ అప్పటికే పెట్టె చంకలో ఇరికించుకున్నాడు. "నా పికప్పు కొట్టం వెనకే ఉంది," అని పరుగెత్తాడు.

పశువుల ట్రెయిలరు ఇంజను ఆన్‌లో ఉంది. లోపల ఎనిమిది ఎద్దులు. వాటి కాళ్ళకింద గడ్డి, గడ్డికింద కొత్త పలకలతో వేసిన నేల, ఉండాల్సినదానికన్నా అడుగు ఎత్తు. హార్లన్ లారీ ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఇలోనా ముందుసీటులోంచి దిగింది.

"పక్కకి తప్పుకో హార్లన్. నువ్వు పోతే ఏడ్చేవాళ్ళు కూడా లేరు. నీ ఫైలు చదివాను."

"నిజమే," అన్నాడు హార్లన్. కదల్లేదు.

ఆమె కోటులోంచి చిన్న పిస్తోలు తీసి గురిపెట్టింది. ట్రిగ్గరు నొక్కింది. అది కదల్లేదు. హార్లన్‌కి నాలుగింటి అబద్ధం చెప్పడానికి ఆమె ముందు తలుపులోంచి రావాల్సి వచ్చింది. ముందు తలుపు దగ్గర బడ్ ఉన్నాడు. పిస్తోలు మీద పసుపుపచ్చ నైలాన్ కట్టు తళతళలాడుతోంది.

"బడ్ ఎవర్నీ వదలడు," అన్నాడు హార్లన్. "కత్తెరుందా?"

ఆమె డ్రైవరు వైపు అరిచింది. అతను ఆమెకోసం ఆగలేదు. లారీ ముందుకు దూకింది. హార్లన్ పక్కకు పడ్డాడు. మోకాలు చిట్లింది. లారీ మలుపు తిరిగి తెరిచి ఉన్న దక్షిణం గేటు మీదికి వెళ్ళింది. గేటుకి ఇరవై గజాలు. పది. అంతలో కొట్టం వెనకనుంచి ఒక పాత పికప్పు రివర్సులో వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. అవతలి తలుపులోంచి ఒంటిచేతి మనిషి దూకాడు. ఆ మరుక్షణం పెద్ద చప్పుడైంది. ఎద్దులు బొబ్బలు పెట్టాయి. గేటు స్తంభానికీ పికప్పుకీ మధ్య లారీ ముక్కు ఇరుక్కుపోయింది.

ఇలోనా పరుగెత్తలేదు. కోటు దులుపుకుని కంచె మీద కూర్చుంది. బడ్ వచ్చి ఆమె చేతులకు బేడీలు వేశాడు.

ఎద్దుల్ని దించి పలకలు పీకారు. నాలుగు వందల పన్నెండు పెట్టెలు. సాక్ష్యం కింద అన్నిటికీ సీలు వేశారు. అమ్ముకున్నవాళ్ళు వచ్చి మా స్కోపులు మాకిచ్చెయ్యండి అన్నారు. కేసు తేలాక చూద్దామన్నారు. అన్ని స్కోపులు ఒక్కసారి మాయమయ్యేసరికి ఆ వారంలోనే బజార్లో ధర అయిదు వేలు దాటింది.

ఆ మధ్యాహ్నం హార్లన్, లైల్ ఇద్దరూ నుజ్జయిన పికప్పు వెనక పలక మీద కూర్చుని, మొక్కజొన్న చిప్స్ మీద చిల్లీ అనే కారం మాంసం కూర పోయించుకుని తిన్నారు. పెట్టె లైల్ ఒళ్ళో ఉంది. ఎర్రకోటావిడ తన బల్ల దగ్గర అన్నవన్నీ హార్లన్ చెప్పాడు, ఒక ఎండుమాంసం ముక్క కూడా ఇచ్చాడు.

"బావా," అన్నాడు లైల్, మూడేళ్ళ తర్వాత. "ఆవిడ ఒక్క నిజం చెప్పింది. నీ ఎండుమాంసం ఉప్పుకషాయం."

తొమ్మిది వారాలు గడిచాయి. లైల్ ఆదివారాలు వచ్చేవాడు. హార్లన్ రెండు కప్పులు కడిగి పెట్టేవాడు. పదో వారం విట్లాక్ ఫోను చేశాడు.

"థర్మల్ స్కోపుల మీద రూలు వస్తోంది. సోమవారం ప్రకటన."

"ఎవరి బల్ల మీదా లేదన్నారు."

"అప్పుడు లేదు. ఈ కేసు ఫైలు పైకెళ్ళింది. ఆ దొంగ ఉత్తరం పైవాళ్ళు చదివారు." విట్లాక్ కాస్త ఆగాడు. "ఆలోచన బాగుందన్నారు. అన్నట్టు, నీకు పతకం ఇస్తున్నారు."

హార్లన్ ఫోను పెట్టేశాడు. రూలు నూట అరవై పేజీలు వచ్చింది. ఎవరికీ అర్థం కాలేదు. అంటే అసలుదే.

ఆదివారం లైల్ వచ్చాడు. పెట్టె వంటింటి బల్ల మీద పెట్టాడు. అరవలేదు. అరిచి ఉంటే హార్లన్‌కి తేలికయ్యేది.

"రిజిస్టరు చెయ్యనా? అయిదు వేలుండగానే అమ్మెయ్యనా? లేక జడ్జి కొట్టేసేదాకా అటకెక్కించనా? నువ్వేదంటే అది."

"నాకు తెలీదు."

"తెలీకపోతే ఊహించి చెప్పు."

హార్లన్ రెండు కప్పుల్లో కాఫీ పోశాడు. ఒకటి లైల్ ఎడమచేతి పక్కన పెట్టాడు.

"ఒట్టు పెట్టుకోవడానికి నాకుండేది ఒక్క మనిషి. పోయినా సరే, ఆమె మీదే పెట్టాను. వాళ్ళు దాన్ని కూడా అబద్ధం చేశారు. నాకింకెవరూ లేరు, లైల్. వానల గురించి అడుగు, పందుల గురించి అడుగు. ఈ సంగతి మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకు. ఎత్తినా నేను పలకను."

లైల్ ఇంకోసారి అడిగి చూశాడు. హార్లన్ పలకలేదు. ఆ తర్వాత ఎవరడిగినా పలకలేదు.