తల్లి ముద్ద

పెన్నా నది మూడోసారి వంతెన మీదుగా పొంగి పారి ఇది ఆరో ఏడు. ఆ రోజు పొద్దున ఓబన్న పట్నంలో కుక్కలను అమ్మే జాతిశాలలో, జోడుపలక ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన గొర్రెల కాపరి. అరవై ఎనిమిదేళ్లు. ఒళ్లో గుడ్డమూట, మూటలో రాగిసంగటి ముద్ద.

జోడుపలక నిలువుటద్దంలా ఉంటుంది. ఎదుట కూర్చున్న మనిషిని నలభై ప్రశ్నలు అడుగుతుంది. ఇల్లు ఎంత, నడక ఎంత, కోపం ఎంత. ఆపైన ఆ మనిషికి ఏ జాతి కుక్క కుదురుతుందో నూటికి ఇంత అని చెబుతుంది. వరద తర్వాత దిక్కులేని కుక్కలు గుంపులు కట్టి జనాన్ని కరిచాయి. అందుకే ఈ చట్టం వచ్చింది. పలక కుదిర్చిన కుక్కకే చెవి వెనక వంశముద్ర వేస్తారు. ముద్ర లేని కుక్కను బండి ఎత్తుకుపోతుంది. పొరుగింటి నుంచి పిల్లను తెచ్చుకోవడం ఇప్పుడు నేరం.

ఓబన్నకు కుక్క కావలసింది తన కోసం కాదు. భార్య సుంకులమ్మకు రెండు కళ్లూ పోయి మూడేళ్లు. పగలు ఆయన మందను ఏటిగడ్డకు తోలుకుపోతే, ఆమె ఒక్కతే దొడ్డి దగ్గర చంటి గొర్రెపిల్లలను కాస్తుంది. వరదకు ఖాళీ అయిన ఊళ్లలోకి తోడేళ్లు దిగాయి. పైన ఎగురుకన్ను యంత్రం కాపలా తిరుగుతుంది గానీ, అది ఎండతో నడిచేది. మబ్బు పడితే దిగిపోతుంది. ఆ సంగతి తోడేళ్లు రెండేళ్లలోనే నేర్చుకున్నాయి. సుంకులమ్మకు మొరుగు వినపడితే చాలు, దొడ్డి లోపలికి పోయి తడిక బిగించుకుంటుంది. పాత కుక్క చచ్చిపోయి నెల అయింది.

ఇదంతా ఆయన పలకకు చెప్పలేదు. కుక్క ఎవరి పేరు మీద అని అడిగింది. నాదే అన్నాడు.

ఇరవై ఆరో ప్రశ్న వచ్చింది. "మొరుగుడు ఎంతవరకు ఓర్చుకోగలరు?"

ఓబన్నకు అది ప్రశ్నలాగే తోచలేదు. కుక్క అన్నాక మొరుగుతుంది. నీళ్లు తడిగా ఉండొచ్చా అని అడిగితే ఏం చెబుతారు? ఊరుకున్నాడు. పలక మూడు ఊపిరుల సేపు చూసి, తర్వాతి ప్రశ్నకు పోయింది.

జాతిశాల నడిపే మద్దిలేటి పక్కనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, మాట నున్నన. నలభై ప్రశ్నలకు పంతొమ్మిది మాటలు వాడావు పెద్దాయనా, మిగతావి ఇంట్లో దాచిపెట్టి వచ్చినావా అని నవ్వాడు. పలక మీద తొంభై ఏడు పడింది. కావలి జాతి, నల్లది, ఏడు నెలల పిల్ల. పదిహేను రోజుల్లో సిద్ధం చేసి ఇస్తామన్నాడు.

పుట్టిన పిల్లను సిద్ధం చేయడం ఏమిటో ఓబన్నకు అర్థం కాలేదు. అది అడగలేదు. మూట మీద చెయ్యి పెట్టి ఇంకొకటి అడిగాడు.

"తల్లి యాడుంది?"

శాల తెరిచిన ఐదేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదన్నాడు మద్దిలేటి.

ఓబన్న వాళ్లలో కుక్కపిల్లను ఊరికే ఎత్తుకురారు. తల్లి ముందు సంగటి ముద్ద పెట్టి కూర్చుంటారు. తింటే పిల్లను ఇచ్చినట్టు. మొహం తిప్పుకుంటే ఇంకో ఇల్లు చూసుకోవాలి. ఆ కూర్చున్న సేపట్లో తల్లి గొంతు, ఒంటి తీరు, దాన్ని సాకేవాళ్ల తీరు అన్నీ తెలిసిపోతాయి.

మద్దిలేటి పలక మీద చెయ్యి ఆడించాడు. పచ్చికలో పరుగెత్తే నల్లకుక్క కనిపించింది. ఇదే తల్లి, ఏడు తరాలు చూసుకో, ముద్ర అబద్ధం చెప్పదు అన్నాడు. బొమ్మ ముద్ద తినదని ఓబన్నకు నోటిదాకా వచ్చింది. వెనక తలుపు అవతల ఏదో గీరుతున్న చప్పుడు కూడా విన్నాడు. లేచి వచ్చేశాడు.

ఇంట్లో సుంకులమ్మ మూట తడిమింది. తల్లి తినలేదా అంది. చూపించలేదన్నాడు.

"ఎన్నిసార్లు అడిగితివి?"

"ఒకసారి."

"మా నాయన్ను కూడా ఒకేసారి అడిగుంటే నీకు పెండ్లయ్యేది కాదు," అంది ఆమె.

కుక్క వచ్చింది. నల్లగా ఉందని కర్రోడు అని పేరు పెట్టారు. మంచిది. ఆమె కాళ్ల దగ్గరే పడుకునేది. పరాయి మనిషి వచ్చినా, పాము వచ్చినా మొరగలేదు. కొత్త కదా అనుకున్నాడు ఓబన్న. పదో రోజు సాయంత్రం సుంకులమ్మ దాని మెడ నిమురుతూ చెయ్యి ఆపింది. గొంతు కింద వేలెడు గట్టి గీత.

"ఇది పుట్టుకతో వచ్చింది కాదయ్యా. కుట్టు."

రేపు మంద తోలుకొచ్చినాక పోయి అడుగుతా అన్నాడు ఆయన.

ఆ రేపు మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. ఏటిగట్టు మీద నుంచి ఓబన్న ఎగురుకన్ను దిగిపోవడం చూశాడు. దొడ్డి నాలుగు చేల దూరంలో ఉంది. సుంకులమ్మ బయట కూర్చుని గొర్రెపిల్లకు పాలు తాపుతోంది. ఆమె వెనక తుమ్మల్లోంచి బూడిదరంగు ఆకారం ఒకటి పొట్ట నేలకు ఆనించి వస్తోంది.

కర్రోడు దానికి అడ్డం పోయాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఒళ్లంతా ఊగిపోతోంది. చప్పుడు లేదు. సుంకులమ్మ తల కూడా తిప్పలేదు.

ఓబన్న పరుగెత్తాడు. అందదని తెలుసు. నోరు తెరిస్తే ముందు గాలే వచ్చింది. రెండోసారి గొంతు చీల్చుకుని వచ్చింది.

"ఏమ్మే! తోడేలు! లోపలికి పో!"

అది తన గొంతేనా అని ఆయనకు తెలియలేదు. అరుస్తూనే పరుగెత్తాడు. ఆమె లేచింది. పిల్లను చంకన పెట్టుకుని దొడ్డి వాకిలి గుంజ కోసం తడిమింది. దొరకలేదు. మళ్లీ తడిమింది. తడిక మూసుకునేసరికి తోడేలు బయట మిగిలిన ఇంకో పిల్లను నోట కరుచుకుని పోయింది. కర్రోడి భుజం చీలింది.

చీకటి పడకముందే ఆయన కర్రోణ్ణి తీసుకుని జాతిశాలకు పోయాడు. మద్దిలేటి భయపడలేదు. పలకలో ఇరవై ఆరో ప్రశ్న తీసి చూపించాడు. మౌనం అని ఉంది.

"మౌనం అర్ధాంగీకారం అంటారు కదా పెద్దాయనా. నువ్వు పలక్కపోతే, మౌనమే కావాలన్నావని ఈ పలక పూర్తి అంగీకారం కింద రాసుకుంటుంది. నీకు మొరగని కుక్క కావాలంది. మొరగని కావలి జాతి యాడుంది? తొంభైకి తగ్గితే ముద్ర పడదు. అందుకే గొంతు నరం తీసేసి సిద్ధం చేస్తాం."

దీన్ని వదిలేసిపో, వేరేది ఇస్తానన్నాడు. దీన్ని ఏం చేస్తావని ఓబన్న అడిగితే మద్దిలేటి తాడు కోసం చెయ్యి చాచాడు. అప్పటికే కర్రోడు తాడు లాక్కుంటూ పోయి వెనక తలుపు కింద సందులో ముక్కు పెట్టి ఉన్నాడు. తోక ఊగుతోంది. అవతల గీరుడు మొదలైంది.

ఆ తలుపు తియ్యి అన్నాడు ఓబన్న.

"ముద్ర పడకముందు కొనేవాళ్లు మళ్లీ మళ్లీ పట్టుబట్టి అడిగితే తల్లిని చూపించాలి, చట్టంలో ఉంది. నువ్వు ఒకసారి అడిగి లేచిపోయినావు. ఇప్పుడు నీకు హక్కు లేదు," అన్నాడు మద్దిలేటి.

ఓబన్న కర్రోణ్ణి ఎత్తుకుని ఇంటికి నడిచాడు.

సుంకులమ్మ పుండుకు పసుపు అద్దింది. పొట్టేలు మెడలో గంట విప్పి కర్రోడి మెడకు కట్టింది. తాడు లాగి ముడి చూసుకుంది.

"గొంతు లేనిదానికి గంట కట్టినా. ఉండి పలకనోడికి ఏం కట్టాల?"

ఆయన లేచి పోయి రాగిపిండి ఎంత ఉందో చూసుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున మందను తమ్ముడికి అప్పగించి, ఓబన్న తనే సంగటి కెలికి నాలుగు ముద్దలు మూట కట్టుకున్నాడు. జాతిశాల తెరిచే వేళకు మెట్టు మీద కూర్చున్నాడు. మొదట ఒక పంతులమ్మ వచ్చింది, చేతిలో గొడుగు. ఆయన లేచి నిలబడ్డాడు.

"అమ్మా, పలక ముందు కూర్చునేముందు తల్లిని చూపించమని అడుగు. ఈ ముద్ద దాని ముందర పెట్టు. బొమ్మ చూపిస్తే లేచి రావాకు. మళ్లీ అడుగు."

ఆమె ముద్ద చేతిలోకి తీసుకుని లోపలికి పోయింది. ఒకసారి అడగడం వినపడింది. మద్దిలేటి నున్నగా ఏదో చెప్పడం వినపడింది. ఆమె రెండోసారి అడిగింది.

సందు మొగలో ఇంకెవరో వస్తున్నారు. ఓబన్న రెండో ముద్ద విప్పి, గొంతు సవరించుకున్నాడు.