ఏడాదికో సైజు

"ఏడు కిలోలు దాటితే బ్యాగును విమానంల పైకి ఎక్కనియ్యరంట," అంటూ గాబ్రియేలు పొద్దున్నే తన హార్డ్‌వేర్ దుకాణం నుంచి కాంటా తెచ్చి, కూతురి గది తలుపు గొళ్ళానికి వేలాడదీశాడు.

"డాడీ, అది మేకులు తూచేది! నా బ్యాగుకు తుప్పు అంటుతది," అంది ఫేబ.

"అంటదే. నిన్ననే తుడిచిన. ఇటు తే."

ఇరవై ఐదేళ్ళ ఫేబ మెదక్‌లోనే ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. తోటి టీచర్లు అంకిత, కృతికలతో కలిసి మనాలీకి పోతోంది. ఆ ఐదారు రోజుల షికారు కోసం నెల రోజులుగా ఫోన్లో వీడియోలు చూసి తయారైంది. డిగ్రీ పరీక్షలకు కూడా ఆ పిల్ల అంత శ్రద్ధగా చదివి ఉండదు. లోపల ఒంటికి అంటుకునే పలుచటి థర్మల్స్, వాటి మీద మెడ దాకా వచ్చే బనియన్, ఆపైన మోకాళ్ళ దాకా నల్లకోటు. బరువైన బూట్లు, కోటు ఒంటిమీదే వేసుకుని విమానం ఎక్కితే వాటిని ఎవరూ తూచరు. బట్టలన్నీ నలుపు, బూడిద రంగుల్లో ఉంటే ఏది దేనితోనైనా కలిసిపోతుంది. ఇక పసుపు, ఎరుపు, ఆకుపచ్చ స్కార్ఫులు మూడు. రోజుకొకటి మారిస్తే చాలు, ఫోటోలు చూసినవాళ్ళు రోజుకో డ్రెస్సు అనుకుంటారు. కాంటా ముల్లు ఆరుంబావు దగ్గర ఆగింది.

"మస్తు తెలివే నీది," అన్నాడు గాబ్రియేలు మురిసిపోతూ.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న తల్లి ఎలిశిబా మాత్రం మురవలేదు. "ఇరవై రెండున పోయి ఇరవై ఏడున వస్తవ్. నడుమల పండుగ పోతది. ఊరూరి జనం క్రిస్మస్‌కు మన చర్చికి వస్తరు. చర్చి పక్కన ఇంట్ల పుట్టినదానివి నువ్వు పోతున్నవ్."

"బడికి సెలవులు అప్పుడే గదా మమ్మీ."

ఆ మాట నిజమే కానీ సగం నిజం. ఫేబ తమ్ముడు మోసెస్ ఎనిమిదేళ్ళ వయసులో పోయి పద్నాలుగేళ్ళయింది. ఆ ఇంట్లో వాడి పేరు ఎత్తరు. కానీ ప్రతి క్రిస్మస్ తెల్లవారుజామున, చర్చి బల్ల మీద తల్లికీ కూతురికీ మధ్య ఒక చిన్నపిల్లవాడు పట్టేంత చోటు ఖాళీగా మిగిలిపోతుంది. ఎంత జనం వచ్చినా ఇద్దరిలో ఎవరూ అటు జరగరు. పాటకూ పాటకూ నడుమ, ఆ ఖాళీ చోటులోంచి చలికి పళ్ళు టకటక కొట్టుకునే చప్పుడు ఫేబకు వినిపిస్తుంది. ఈ ఏడాది ఆ చప్పుడు వినకూడదనే ఆమె టికెట్లు కొనుక్కుంది.

"గా పలుచటి గుడ్డలకు చలి ఆగుతదా? ఉండు," అని ఎలిశిబా వెనక గదిలోకి వెళ్ళి, చేత్తో అల్లిన బూడిదరంగు స్వెట్టర్ తెచ్చి మంచం మీద పెట్టింది.

"గిది పెడితే బరువైతది మమ్మీ. కోటు కింద ఏసుకుంటే లావుగ కనపడ్త," అంటూనే ఫేబ దాన్ని విప్పి పట్టుకుంది. భుజాలు వెడల్పుగా, చేతులు పొడుగ్గా ఉన్నాయి. మగవాళ్ళ స్వెట్టర్. తండ్రికైతే పొట్ట దగ్గరే ఆగిపోతుంది. "ఎవరిది గిది?"

గాబ్రియేలు కాంటా ముల్లును అనవసరంగా సవరించసాగాడు.

ఫేబ వెనక గదిలోకి వెళ్ళింది. ట్రంకుపెట్టె మూత తెరిచే ఉంది. కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల అన్నీ స్వెట్టర్లే. ఒక్కొక్కదానికీ పిన్నీసుతో ఒక చీటీ, చీటీ మీద ఒక అంకె. ఇరవై ఒకటి, ఇరవై, పందొమ్మిది... కిందికి పోయేకొద్దీ స్వెట్టర్లు చిన్నవవుతున్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్నదాని మీద తొమ్మిది అని ఉంది. మోసెస్ బతికి ఉంటే ఇప్పుడు ఇరవై రెండు నిండేవి.

ఏటా నవంబరులో తల్లి అల్లడం ఫేబ చూస్తూనే ఉంది. ఎవరికని అడిగితే హాస్టల్ పిల్లలకు అనేది. మోసెస్ ఈడువాడే, వాడితో ఒకే ఆదివారం బాప్తిస్మం పొందిన డేనియల్‌ను ఇంటికి పిలిచి, ఛాతీ, చేతులు కొలిచి పంపేది. ఆ కొలత ఎందుకని అతను అడగలేదు, ఫేబా అడగలేదు. కూతురికి మాత్రం ఈ పద్నాలుగేళ్ళలో ఒక్కటీ అల్లలేదు. తల్లికి అంతా తెలుసనీ, తనకు వేసిన శిక్ష ఇదేననీ ఫేబ ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది.

"చచ్చిపోయినోనికి ఏటా అల్లుతవ్," వెనకే వచ్చిన తల్లి వైపు తిరిగింది ఫేబ. "బతికున్నదాన్ని నేను కనపడ్తలేనా నీకు? నాకు ఒక్కటన్న అల్లినవా మమ్మీ?"

"నీకు అల్లుదామని కూసుంటే చేతులు ఆడలే బిడ్డా. మళ్ల కొలత తప్పుతనేమో అని భయం."

"ఏం కొలత?"

ఎలిశిబా తలుపు పట్టుకుంది. "ఆ ఏడు పండుగ పనులల్ల పడి వాని కొలత తీసుకోలే. పోయినేటి కొలతకే అల్లిన. టైట్ అయి ఉంటది, చర్చిల ఇడిచేసిండు. ఇంటికొచ్చి చూస్తే నా సంచిల అడుగున ఉండె. గంత చలిల ఉత్త అంగితోని కూసున్నడు నా కొడుకు. నాలుగు రోజులకు దవఖానల ఏసినం. మళ్ల ఇంటికి రాలే. గందుకే ఏటా ఒక సైజు ఎక్కువ అల్లుత. వానికి టైట్ కావద్దు."

ఇప్పుడు ఫేబ నోరు మూసుకుంటే నిజం ఇక ఎప్పటికీ బయటపడదు. తల్లి బతికినన్నాళ్ళూ ఇలాగే అల్లుతూ ఉంటుంది. చెబితే తల్లి మళ్ళీ తన మొహం చూస్తుందో లేదో.

"టైట్ కాలే మమ్మీ. నేనే వాని ఒంటి మీదికెల్లి ఇప్పించిన."

మెదక్ పిల్లలకు క్రిస్మస్ తెల్లవారుజామున చలి ఒక లెక్క కాదు. చర్చి మెట్ల దాకా స్వెట్టర్లలో వస్తారు, లోపలికి పోయేముందు విప్పి అమ్మల సంచుల్లో కుక్కేస్తారు. మరి కొత్తబట్టలు కుట్టించుకున్న సంగతి నలుగురికీ తెలియొద్దూ? పదకొండేళ్ళ ఫేబ కూడా అందరు పిల్లల్లాగే ఆలోచించింది.

"వెండి గుండీల అంగి వానికి నేనే సెలెక్ట్ చేసిన గదా," అంది ఇప్పుడు, మాట మాటకీ ఆగుతూ. "స్వెట్టర్ కింద కనపడ్తలేదు. ముసలోని లెక్క ఉన్నవ్ రా, ఇప్పు అన్న. అక్కా చలైతుంది అన్నడు. జర ఆగు, ఫోటో దిగినంక ఏసుకో అన్న. నీ సంచిల నేనే పెట్టిన. ఫోటో అయినంక మర్చిపోయిన. వాడు మళ్ల అడగలే మమ్మీ. వణుక్కుంట అట్లనే కూసున్నడు."

ఎలిశిబా ట్రంకుపెట్టె పక్కన కూలబడింది. తిట్టినా, కొట్టినా పడడానికి ఫేబ సిద్ధంగా నిలబడింది.

"సరిపోయిందా?" అంది చివరికి ఎలిశిబా.

"ఏంది మమ్మీ?"

"స్వెట్టర్. వానికి సరిపోయిందా?"

"సరిగ్గ సరిపోయింది. చేతులు మణికట్టు దాకా ఉండె. ఇప్పినప్పుడు ఏడ గూడ జరంత పట్టలే."

అప్పుడు ఏడ్చింది ఎలిశిబా. కొడుకును సమాధి చేసిన రోజున కూడా ఆమె అంత గట్టిగా ఏడవలేదు. తన కొలత తప్పలేదన్న మాట కోసమే ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నట్టు, పెట్టెలోని ఊలులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

గాబ్రియేలు గడప మీద కూర్చుండిపోయాడు. "వాడు గా ఒక్క పూట చలికి పోలే అని పెద్ద డాక్టర్ ఆనాడే చెప్పిండు. వారం ముందు నుంచే ఊపిరితిత్తులల్ల నిమ్ము ఉండెనంట. నేను మీకు చెప్పిన. మీరిద్దరు వింటే గదా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాట ఇద్దరి చెవినా ఇవాళే పడింది. పద్నాలుగేళ్ళ బాధ అంతటితో తీరేది కాదు. అయినా ఎలిశిబా తలెత్తి కూతురిని చూసింది. గోడకు ఒరిగి ఏడుస్తున్న ఈ పిల్లకు ఆ రోజు ఎన్నేళ్ళో ఆమె ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు.

"పదకొండేండ్ల పిల్లవు," అంది. "ఒక్కదానివే గింత బరువు మోసుకుంట తిరిగినవా? నాకు ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే నన్ను ఇడిచిపెడ్తవ్ అనుకున్న."

"ఒకన్ని పోగొట్టుకున్నదాన్ని. నిన్నెట్ల ఇడుస్తనే!"

"నేను మనాలీ పోను మమ్మీ. పండుగకు మీ దగ్గర్నే ఉంట."

"పోవాలె. మంచిగ తయారై మంచుల ఫోటోలు దిగు. ఇక్కడి నుంచి పారిపోతున్న అని మాత్రం పోకు."

ఫేబ వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. కిటికీలోంచి ఎండ వీపు మీద పడుతున్నా ఆమె ఒళ్ళంతా వణుకుతోంది.

"మమ్మీ, చలైతుంది," అంది చిన్న గొంతుతో.

ఎలిశిబా చీర కొంగు తీసి కూతురి భుజాల నిండా కప్పింది. ఆ వణుకు తగ్గేదాకా గట్టిగా పట్టుకునే కూర్చుంది.