నది వైపు నడిచిన సారె

“ఆపరేషన్ కొత్తనీరు. కాలువలకి నీళ్లొదిలే రోజున హెడ్ రెగ్యులేటర్ షట్టర్లు పేల్చేస్తారట. వైర్‌లెస్‌లో పట్టాం. ఎలా పేలుస్తారో ఛాయ కనిపెడుతుంది. ఆపాల్సింది నువ్వు,” అన్నాడు చీఫ్ సంజీవరావు.

ఏజెంట్ హబీబ్ తలాడించాడు. షట్టర్లు పోతే బ్యారేజీ వెనకున్న నీళ్లు కాలువ మీద విరుచుకుపడి పామర్రు దాకా ఊళ్లు ముంచేస్తాయి. పేల్చేది ‘హెరాన్’ అనే విదేశీ ముఠా. అందులో వాళ్ల మనిషిలా చేరి, మన కోసం ప్రాణాలకి తెగించి రెండేళ్లుగా పనిచేస్తోంది ఏజెంట్ ఛాయాదేవి. పై నెలలో వాళ్లిద్దరికీ రిజిస్టరు పెళ్లి. డిపార్టుమెంటులో టాప్ సీక్రెట్ కానిది అదొక్కటే.

1998 జూన్. విజయవాడ బ్యారేజీ పక్కన షామియానా, కింద డెల్టా రైతులు. హబీబ్ పట్టుపంచెతో సన్నాయి మేళంలో కూర్చున్నాడు. వేషమనడమే గానీ, తాత దగ్గర నేర్చిన విద్యే అది. చెవిలో ఇయర్‌పీస్. ఎదురుగా ఛాయ, ఇంజనీరుగారి భార్య వేషంలో. ఆమె చేతిలో కృష్ణమ్మకిచ్చే సారె పళ్లెం: చీర, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ.

ఇయర్‌పీస్ గరగరలాడింది. ఛాయ గొంతు. బాంబు ఎగువన ఓ చేపల పడవలో ఉందనీ, టీమంతా అటు వెళ్లాలనీ, హబీబ్ ముందు వెళ్లాలనీ చెప్పింది. కమాండోలు పరుగెత్తారు. మధ్యలో లేస్తే అనుమానం వస్తుందని హబీబ్ మాత్రం పాట పూర్తయ్యేదాకా ఆగాడు.

షట్టర్లు లేచాయి. ఆడవాళ్లంతా కాలువ వైపుకి కదిలారు. ఛాయ ఒక్కతే నది వైపుకి నడిచింది.

సన్నాయి ఆగిపోయింది. సారె వేసేది షట్టర్లు దాటి కాలువలోకొచ్చిన కొత్తనీళ్లలో. ఆ కొబ్బరికాయల కోసం చిన్నప్పుడు హబీబ్ బందరు కాలువలో ఎన్నిసార్లు దూకాడో! పామర్రు రైతుబిడ్డనని చెప్పుకునే ఛాయకి ఆ మాత్రం తెలీదా? నది వైపు వేసింది ఏదైనా నేరుగా షట్టర్ల కిందికే కొట్టుకుపోతుంది.

ఛీ, ఎంత వెర్రివాడయ్యాడు తను! ఒక్క ఉదుటున వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చీర మడతల కింద టైమర్ ఎర్రగా మెరిసింది.

“నీకేం కాకూడదనే కదా పడవ దగ్గరికి పొమ్మన్నాను,” అంది ఛాయ మెల్లిగా.

“మరి వీళ్లకి?” అన్నాడు హబీబ్, రైతుల వైపు చూస్తూ.

అతను పళ్లెం లాక్కుని బ్యారేజీ మీద పరుగెత్తాడు. టైమర్ ఒంటి అంకెలోకి దిగింది. దిగువన మనిషి జాడలేని ఇసుక మీదికి శక్తికొద్దీ విసిరేశాడు. ఇసుక ఆకాశానికి లేచింది. ప్రభుత్వంవారు బాణసంచా కాల్పించారనుకుని రైతులు చప్పట్లు కొట్టారు.

తిరిగొచ్చిన కమాండోలు ఛాయని జీపెక్కించారు. ఆమె తలతిప్పి కూడా చూడలేదు. జనం బెదరకుండా వాయిస్తూనే ఉండమని చీఫ్ ఆర్డరు. హబీబ్ మళ్లీ సన్నాయి అందుకున్నాడు.

పై నెల పెళ్లికి మాట్లాడుకున్నదీ ఈ మేళాన్నే. రిజిస్టరు పెళ్లికి సన్నాయెందుకు, దండగ అని ఛాయ మొదట్నుంచీ అంటూనే ఉంది. రెండేళ్లలో ఆమె చెప్పిన నిజం బహుశా అదొక్కటే.